సొర రెక్కల పెట్టెపై నా దస్తూరి

యాకుత్‌పురా స్టేషనులో రైలుకై ఎదురుచూస్తుండగా, ప్రక్కన కూర్చున్న నడివయస్కుడొకడు తాళ్లతో బిగించిన అట్టపెట్టెను నా ముందుకు జరిపాడు.

"బాపూ, నీ జేబుల కలం ఉన్నది. దీని మీద 'ఎండుచేపలు' అని జర రాయరాదూ? నా రాత కోడి గెలికినట్టుంటది."

ఏళ్ల తరబడి పిల్లలచేత అక్షరాలు దిద్దించిన చేయి నాది. శ్రద్ధగా, గుండ్రంగా వ్రాసి, "ఏ చేపలు నాయనా?" అని అడిగాను.

అతడు గొంతు తగ్గించి నవ్వాడు. "చేపలు గావు, సొర రెక్కలు. సర్కారు బంద్ వెట్టింది గద, గందుకే గీ పేరు. పడవ మీదనే రెక్కలు కోసి, సొరను పానంతోనే మళ్ల సముద్రంల ఏస్తరు. ఈదరాక అడుక్కు వోతది."

వ్రాసినది కొట్టివేయాలని కలం తీశాను. అతడు చప్పున పెట్టెను ఒడిలోకి లాక్కున్నాడు. అంతలో రైలు వచ్చింది.

"ఖరాబు జేయకు బాపూ! గింత మంచి రాత జూస్తే సదువుకున్నోళ్ల పెట్టె అనుకుంటరు. పోలీసోడు గూడ ఇప్పి సూడడు," అంటూ ఎక్కిపోయాడు.

నా దస్తూరిని మెచ్చినవారు చాలమందే ఉన్నారు. రోత పుట్టించిన మెప్పు అదొక్కటే.