గడువుల మద్దిలేటి వక్కాకు

కొందరికి బీపీ ఉంటుంది, కొందరికి షుగరు ఉంటుంది. మద్దిలేటికి గడువు ఉంది. కడపలోని కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ కార్యాలయంలో ఆయన హెడ్‌క్లర్కు. ఏ వస్తువు కనిపించినా, ఏ మనిషి ఎదురైనా ఆయన నోట వచ్చే మొదటి మాట, "ఎప్పటిదాకా?"

ఆ ఆఫీసులో టీ పోసే ఈరక్క ఈ జబ్బును ఏళ్ల తరబడి చూస్తోంది. బిస్కెట్ ప్యాకెట్టు ఇస్తే ముందు వెనక్కి తిప్పుతాడు.

"తిను సారూ, నిన్ననే కొనింది."

"నువ్వు కొనింది నిన్న. వాళ్లు చేసింది ఎప్పుడు?"

పెళ్లికి పోతే పురోహితుడి వీపు వెనకే నిలబడి, "స్వామీ, లగ్నం దాటిపోతాండాది" అని పొడుస్తూనే ఉంటాడు. చావుకు పోతే మరీ ఘోరం. ఈరక్క మామ పోయినప్పుడు పాడె లేవకముందే వచ్చి, "మున్సిపాలిటీలో రాయించేకి గడువుండాది, మర్చిపోవద్దు" అన్నాడు.

"ఏడవనియ్యి సారూ!"

"ఏడుపుకి గడువు లేదమ్మా. సర్టిఫికెట్టుకి ఉండాది."

పాడె మోసేవాళ్లు కూడా నవ్వారు.

ఇంట్లో భార్య నాగలక్ష్మమ్మకూ సుఖం లేదు. ఆ సంగతి ఆమే ఈరక్కతో చెప్పుకుంది. ఒకసారి ఆమె అలిగి, "మూడు దినాలు నీతో మాట్లాడేదిల్యా" అంది. నాలుగో పొద్దున ఆయన కంచం ముందేసుకుని కూర్చున్నాడు.

"నీ అలక నిన్నటితో సరి. ఉగ్గాని పెట్టు."

"ఇంకో మూడు దినాలు పొడిగిస్తాండా!"

"గడువు లోపలే పొడిగించల్ల. దాటినాంక పొడిగిస్తే చెల్లదు."

ఉగ్గాని వచ్చింది, కారం రెట్టింపుతో.

ఆఫీసరు జయపాల్‌కు ఏ తేదీ గుర్తుండదు. ఆ పనిని మద్దిలేటి నోటికి వదిలేసి తాను ఫోను చూసుకునేవాడు. కానీ ఒకరోజు పై అధికారి ముందే మద్దిలేటి, "సార్, మీరు ఆలస్యం చేసిన జవాబుకు ఈరోజే గడువు" అనేశాడు. జయపాల్ ముఖం మాడిపోయింది.

"ఇంకోసారి నీ నోట గడువు అని వినపడితే సస్పెండ్ చేస్తా!"

సస్పెండ్ చేయడం ఆయనకు టీ తాగినంత తేలిక. అప్పటికే ఇన్‌స్పెక్టర్ తనూజను చేశాడు. ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తే కూలీలకు మాస్కులు కూడా లేవని ఆమె ఉన్నదున్నట్టు రాసింది. నిజం రాస్తే సర్కారు భాషలో దాని పేరు క్రమశిక్షణ తప్పడం. అక్కడే మూటలెత్తే ఈరక్క తమ్ముడు మింగేదీ ఆ సిమెంటు దుమ్మే. అందుకే తనూజ ఖాళీ కుర్చీని ఆమె రోజూ తుడిచేది.

మూడు నెలల లోపు కారణం చూపి పొడిగిస్తే తప్ప సస్పెన్షన్ నిలవదు. పొడిగించాలనే జయపాల్ పట్టుదల. ఆఖరు రోజు ఎప్పుడో మద్దిలేటే చెబుతాడులే అని ధీమా.

ఆ రోజు మద్దిలేటి రెండు బుగ్గలా వక్కాకు కుక్కుకుని వచ్చాడు. పెళ్లి తాంబూలంలో ఇచ్చినా ముట్టని మనిషి!

"ఏం సారూ, కొత్త అలవాటు?"

"ఊఁ."

జయపాల్ కూడా వింతగా చూశాడు. "ఏమయ్యా, ఆరోగ్యమేనా?" మద్దిలేటి తల ఊపాడు. "ఇట్లుంటే ఆఫీసు ఎంత హాయి!" అనుకుంటూ ఆఫీసరు పెందలాడే ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున తనూజ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. జయపాల్ గదిలోంచి అరుపు వినిపించింది.

"వెంటనే పొడిగించు!"

"గడువు దాటినాంక పొడిగిస్తే చెల్లదు సార్."

"నిన్న చెప్పి చావొచ్చు కదా!"

"ఆ మాటంటే సస్పెండ్ చేస్తానంటిరి కదా సార్. పిల్లలు గలోణ్ణి."

ఈరక్క కొంగు నోట్లో కుక్కుకుని తనూజ దగ్గరికి పరిగెత్తింది. "నీకెవరు చెప్పినారమ్మా, ఈపొద్దు రమ్మని?"

"పొద్దున్నే మద్దిలేటి సార్ ఫోన్ చేశాడక్కా. 'ఏమ్మా తల్లీ, ఇంట్లో కూర్చునేకి నీకు గడువు అయిపోయింది, లెయ్' అన్నాడు."

అంతలో మద్దిలేటి వచ్చాడు. బల్ల మీది బిస్కెట్ ప్యాకెట్టును వెనక్కి తిప్పి చూసి, గబగబా చింపి తనూజ చేతిలో పెట్టాడు.

"ఈపొద్దే ఆఖరు. పొడిగించేకి లేదు. తిను."