స్కాగ్‌వే పచ్చడి

న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో రాధారాణి డబ్బా భోజనం తినకుండా ఉద్యోగం తెచ్చుకున్న తెలుగు కుర్రకారు తక్కువ. పన్నెండేళ్ళు తన చిన్న అపార్ట్‌మెంట్ వంటింట్లోంచి, కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లలో ప్రాజెక్టు కోసం పడిగాపులు కాసే పిల్లలకు ఆవిడ అన్నం, పప్పు, వేపుడు, పచ్చడి పంపింది. ఇంటర్వ్యూ పోయిందని మొహం వేలాడేసుకుని వచ్చినవాడికి ఆ పూట గోంగూర తప్పనిసరి. "ముందు తిను నాయనా, ఏడుపు ఎక్కడికీ పోదు" అనేది. అలా తిన్నవాళ్ళు ఇప్పుడు సొంత ఇళ్ళలో ఉన్నారు, కొందరికి పొట్టలు కూడా వచ్చాయి.

అలాంటి మనిషికి రెండు వేల పదిలో కేన్సర్ వచ్చింది. కీమో అయింది, జబ్బు తగ్గింది, జుట్టు కూడా మళ్ళీ మొలిచింది. రుచి మాత్రం తిరిగి రాలేదు. కారం వేస్తే మంట తెలిసేది, అంతే. ఉప్పు, పులుపు, తీపి అన్నీ మట్టే. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఎనిమిది నెలలు గడిచాయి. ఈ సంగతి భర్త కృష్ణమోహన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ చేతి అలవాటుతో ఉప్పు వేస్తే ఆయన రుచి చూసి తీర్పు చెప్పేవాడు. పాపం, ఆయన తీర్పు ఎప్పుడూ ఒకటే: "బ్రహ్మాండం."

తిరిగి డబ్బాలు మొదలుపెట్టాలా, గరిటె పక్కన పడేయాలా అన్నది ఆ ఎండాకాలంలో తేల్చుకోవాలి. రుచి తెలియని మనిషి ఇంకొకరికి ఏం వండి పెడుతుంది? బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా మానేస్తారు. కానీ మానేస్తే తనలో ఇంకేం మిగులుతుందో రాధారాణికి తెలియలేదు.

ఇదేమీ తెలియని పిల్లలంతా కలిసి, ఆంటీ కోలుకుందన్న సంబరంతో, అలాస్కా క్రూజ్ బుక్ చేశారు. నీళ్ళంటే భయమని కృష్ణమోహన్ ఇంట్లోనే ఉండిపోయాడు. తోడుగా ప్రణీత వచ్చింది. వరంగల్ పిల్ల. ఎం.ఎస్. చేసి, ఉద్యోగం దొరకని ఏడు నెలలూ రాధారాణి డబ్బా మీదే బతికింది. ఒకప్పుడు ఆ డబ్బా తిన్నవాడే అయిన అక్షయ్ సన్నీవేల్ నుంచి ఫోన్‌లో హుకుం జారీ చేశాడు. "ఆంటీకి ఏ పోర్ట్ నచ్చితే నెక్స్ట్ ఇయర్ మేమందరం అక్కడికే. ప్రణీతా, పోర్ట్‌పోర్ట్‌కీ మార్కులు రాయించు!"

ఓడలో తిండికి లోటేముంది? పొద్దున లేచింది మొదలు బల్లల నిండా వంటకాలే. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, రాధారాణి ప్రతిదీ నోట్లో పెట్టుకుని "చాలా బాగుంది" అనేది. ఆ అబద్ధం చెప్పిన ప్రతిసారీ సంచిలోని చిన్న కారం డబ్బాను తడుముకునేది.

మొదటి ఊరు కెచికాన్‌లో వాన. "పదికి ఎన్ని ఆంటీ?" అంది ప్రణీత. "ఎనిమిది." జూనోలో పడవ పక్కనే తిమింగలం లేచి, తోక ఆడించి మునిగింది. బతికుండి దీన్ని చూస్తున్నాను కదా అని రాధారాణికి కళ్ళు చెమర్చాయి. పంపిన పిల్లలందరికీ మనసులోనే పేరుపేరునా దణ్ణం పెట్టుకుంది. మార్కులు మాత్రం మళ్ళీ ఎనిమిదే.

"అన్నిటికీ ఎనిమిదేనా ఆంటీ? మా కెమిస్ట్రీ సార్ కూడా ఇంత పిసినారి కాదు" అని ప్రణీత నవ్వింది.

మూడో ఊరు స్కాగ్‌వే. అక్కడ కొండలెక్కే రైలుకు టికెట్లు తీసుకున్నారు. రాధారాణికి అందులో ఇచ్చే భోజనాన్ని మళ్ళీ మెచ్చుకునే ఓపిక లేదు. "మోకాళ్ళు పీకుతున్నాయే, నువ్వెళ్ళి రా. నేనిక్కడే అటూ ఇటూ తిరుగుతా" అని ఆ పిల్లను బలవంతాన రైలెక్కించింది.

ఊరు మొత్తం కలిపినా న్యూజెర్సీలో మనవాళ్ళ కొట్లుండే ఓక్‌ట్రీ రోడ్డంత సందడి లేదు. రెండు వీధులు దాటాక ఒక ఇంటి కంచె వెనక ఎర్రటి కాడలతో, చేమాకులంత ఆకులతో గుబురుగా ఒక మొక్క కనిపించింది. రాధారాణి ఠక్కున ఆగిపోయింది. తోటలో పని చేస్తున్న ముసలావిడ, డోరిస్, తలెత్తి పలకరించింది. ఏం మొక్క ఇది అని అడిగితే, రూబార్బ్ అనీ, మహా పులుపనీ, చక్కెర పోసి వండుకుంటామనీ చెప్పి, రాధారాణి ముచ్చట చూసి చేతినిండా కోసిచ్చింది.

ఎర్ర కాడ, పులుపు! రాధారాణికి ఇంకేం కావాలి? అక్కడే మెట్ల మీద కూర్చుని, గోంగూర ఒలిచినట్టు చకచకా ఆకులు ఒళ్ళో పోసుకుని, కాడలు అవతల పారేసింది.

డోరిస్ కెవ్వున అరిచింది. "అయ్యో తల్లీ, ఆకు విషం! తినేది కాడ!"

రాధారాణి చేతిలోని ఆకుల వంకా, పారేసిన కాడల వంకా చూసింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అంత నవ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో. "మా దేశంలో దీనికి తలకిందులమ్మా" అంది వచ్చిన ఇంగ్లీషులో. డోరిస్ కూడా నవ్వి, ఆకులు దులిపి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

రాధారాణి కాడలు కడిగి, తరిగి, నూనెలో మగ్గబెట్టింది. వెల్లుల్లి దంచింది. ఊరగాయలకని డోరిస్ దాచుకున్న ఆవాలతో పోపు వేసింది. తన డబ్బాలోని కారం కలిపింది. ఉప్పు చేతి అంచనాకు వేసింది. రుచి చూడటానికి కృష్ణమోహన్ పక్కన లేడు. డోరిస్‌ని అడుగుదామంటే ఆవిడకు పచ్చడంటే తెలియదు. చేసేది లేక తానే చెంచాతో కొంచెం నోట్లో వేసుకుంది.

ముందు ఎప్పటిలా మంట. ఆ వెనక దవడలు రెండూ జివ్వుమన్నాయి. నోట్లో నీళ్ళూరాయి. ఉప్పు ఎక్కువైంది అనుకుంది.

చెంచా చేతిలోనే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు ధారగా కారుతుంటే, కారం ఎక్కువైందేమోనని డోరిస్ కంగారుగా మంచినీళ్ళు తెచ్చింది. రాధారాణి ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

పచ్చడి సీసాలో పెట్టించుకుని స్టేషన్ దగ్గర బెంచీ మీద కూర్చుంది. ఫోన్ ఓడలో మర్చిపోయింది. ప్రణీత వచ్చేదాకా ఆగక తప్పలేదు. ఆ రుచి మళ్ళీ పోతుందేమోనని భయమేసి, మధ్యలో మూడుసార్లు మూత తీసి వేలితో నాకి చూసుకుంది. పోలేదు, ఉంది.

రైలు దిగిన ప్రణీత ఆదుర్దాగా వచ్చింది. "ఆంటీ, బోర్ కొట్టిందా? ట్రైన్ మిస్ అయిపోయారు!"

"స్కాగ్‌వేకి పదికి పది రాసుకో. ఫోన్ ఇటివ్వు."

న్యూజెర్సీలో కృష్ణమోహన్ మొదటి రింగుకే ఎత్తాడు. "రైలు ఎలా ఉంది రాధా?"

"ఎక్కలేదండీ. పచ్చడి చేశాను. ఉప్పు కాస్త ఎక్కువైంది."

"అయ్యో, నేను కూడా లేకపోతిని. ఎక్కువైందని ఎవరు చెప్పారు?"

రాధారాణి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే చూశాను."