గ్రూపులో పడ్డ నా గొంతు

ఆ సాయంత్రం తిరుమలాయపాలెంలో మా అరుగు మీద నేను, నా ఫోను, మిరపకాయలు ఏరుతున్న అమ్మ ఉన్నాం. ఇంజనీరింగ్ చివరి సెలవులు. భద్రాచలం అడవి పక్క ఊరి స్వాతి రోజూ సిగ్నలుండే గుట్టెక్కి, మా క్లాసు వాట్సాప్ గ్రూపులో సర్క్యూట్ లెక్కలు గొంతుతో వివరించేది. ఆ రోజు ఆమె గొంతు రాలేదు.

"లెక్కలొద్దు స్వాతీ, ఊరికే ఏదన్నా మాట్లాడు, నీ గొంతు వినాలనుంది" అని రికార్డు చేసి, ఆమెకు పంపబోయి గ్రూపులో పెట్టాను. తీసేసేలోపే మా సారు రాశారు: "ఇది సిలబస్‌లో లేదు."

"ఏందిరా, మొఖం మిరపకాయ లెక్కయింది?" అంది అమ్మ.

చీకటి పడుతుండగా స్వాతి గొంతు గ్రూపులోనే వచ్చింది: "గుట్ట మీద గాలికి సగమే వినబడ్డది. మళ్లొకసారి చెప్పు."

అందరూ వింటారన్న సిగ్గుతో నేను మళ్లీ చెప్పలేదు, విడిగా పంపే ధైర్యమూ చాలలేదు. చదువులైపోయాయి, గ్రూపు మూగబోయింది. ఆమె పంపిన ఆ మాట ఇప్పటికీ వింటుంటాను. నిడివి ఆరు సెకన్లు.