మూసీ వెంట వెళ్ళాలనుకున్న దారి

మోటార్ సైకిల్ మీద మూసీ వెంట వెళ్ళాలని మాస్టారూ నేనూ ఏడాది పాటు అనుకున్నాం. అనంతగిరి కొండల్లో అది పుట్టే చోట మొదలుపెట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే చోట ఆగాలి. తారు రోడ్డు వీలైనంత వరకు ఎక్కకూడదు. ఊరి నుంచి ఊరికి పోయే మొరం బాటలు, కంకర బాటలు పట్టుకుని వెళ్ళాలి. అది జరగలేదు. బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు మాస్టారు చనిపోయారు.

అవి డెబ్బైల నడిమి సంవత్సరాలు. నేను గోపన్‌పల్లిలో కిరాయికి ఉండేవాణ్ణి. ఆ పక్కన విశ్వవిద్యాలయం కోసం తీసుకున్న భూముల్ని కొలిచే పని మా ఆఫీసుది. నా సొంత ఊరు కృష్ణ ఒడ్డున ఒక పల్లె. మాస్టారిది గోపన్‌పల్లే. నల్లగండ్ల బడిలో పాఠాలు చెప్పేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని సారు అనేవారు. నా నోటికి మాస్టారనే వచ్చేది.

"మాస్టారేంది? సర్కస్ల పులులను ఆడిచ్చెటోని లెక్క," అన్నారు మొదటిసారి విని. తర్వాత అలవాటుపడ్డారు.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల ఆయన గుండెలో ఒక కవాటం పాడైంది. పట్నంలో పెద్ద దవాఖానలో చూపించుకునేవారు. మందులతో కొంతకాలం నడుస్తుందని, శ్రమ పడొద్దని డాక్టర్లు చెప్పి పంపేవారు. ఆ కొంతకాలం ఎంతో వాళ్ళు చెప్పలేదు, ఆయనా అడగలేదు. బండి మీద కూర్చోగలిగిన రోజుల్లోనే ఒకసారి మూసీని మొదలు నుంచి చివర దాకా చూడాలన్నది ఆయన కోరిక. అదే ఎందుకని అడిగాను.

"మూసీ ఏడ పుట్టింది, ఏడ గలిసింది అని బళ్లె పిల్లలకు ఏటేటా చెప్తున్న. నేనైతే సూడలే. గండిపేట కాడ ఉన్నదే సూసిన. సూడనిది చెప్తుంటె అబద్ధమాడినట్టు ఉంటది," అన్నారు.

బండి మిలిటరీ వేలంలో ఎవరో కొని, విసుగెత్తి ఆయనకు అమ్మేసినది. బరువైనది. కిక్కు కొడితే ఒక్కోసారి కాలిని వెనక్కి తన్నేది. మాస్టారి భార్యకు దాన్ని చూస్తేనే భయం.

"నాలుగడుగులు నడవనీకి దమ్ము చాల్తలేదు గని, గుట్టలెక్కుతడట," అంది నాతో. "అన్నా, జర నువ్వన్న జెప్పు."

"మీరు చెబితేనే వినని మనిషి నా మాట వింటారాండీ?" అన్నాను.

"గట్లయితె నువ్వే నడుపు. ఆయన ఎన్క గూసుంటడు. కిక్కు గూడ నువ్వే కొట్టాలె."

"ఎన్క గూసుననీకి నేనేమన్న బియ్యం బస్తానా?" అన్నారు మాస్టారు లోపలి నుంచి.

"బియ్యం బస్తయితె నాకు ఫికరే లేకుండె. కిందవడ్డా ఎత్తుకోవచ్చు," అంది ఆమె.

ఆ షరతు మీద ఒప్పుకుంది. నాకు సైకిల్ తొక్కడం తప్ప ఏమీ రాదు. ఆదివారాలు నేర్చుకున్నాను. నల్లగండ్ల వైపు గుట్టల మధ్య ఎడ్లబండ్లు తిరిగి తిరిగి పడిన బాట ఒకటి ఉండేది. కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదని, చక్రం కొంచెం జారినా దానితో కుస్తీ పట్టకూడదని, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలని ఆయన వెనక కూర్చుని చెప్పేవారు. వినకపోతే వేలితో భుజం మీద పొడిచేవారు. బడిలో పిల్లల్ని ఎలా పొడుస్తారో నాకు తెలిసింది.

ఒకసారి పుప్పాలగూడ దగ్గర బండితో సహా ఇద్దరం పడ్డాం. పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఆయన కింద కూర్చునే నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగాక కూడా లేవలేదు. ఊపిరి అందడం లేదని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు.

"ఇంట్ల జెప్పకు," అన్నారు, మాట వచ్చాక.

నేను చెప్పలేదు. గీసుకుపోయిన నా మోచేతులు చూసి ఆమే తెలుసుకుంది. పసుపు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద బడి నుంచి తెచ్చిన జిల్లా పటాలు పరుచుకునేవాళ్ళం. వాటిలో మూసీ ఉంది గాని మాకు కావలసిన బాటలు లేవు. అటు నుంచి వచ్చే లారీ డ్రైవర్లనీ, బండ్లవాళ్ళనీ అడిగేవాళ్ళం. వికారాబాద్ వైపు ఎర్రమొరం గట్టిగా ఉంటుందన్నారు. వలిగొండ దాటాక కాలువల కింద వరి పొలాలని, వాన పడితే ఆ బాటల్లో చక్రం దిగబడిపోతుందని చెప్పారు. అందుకే వానలు తగ్గాక, దసరా సెలవుల్లో వెళ్దామనుకున్నాం. పెట్రోలు పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది కాబట్టి ఒక డబ్బా సంపాదించాం. ఇంకో క్లచ్ వైరు, ఇంకో ట్యూబు, పంక్చరు సామాను కొన్నాం. మందుల కోసం ఆమె ఒక గుడ్డసంచి కుట్టింది, మెడలో వేసుకుని చొక్కా లోపల పెట్టుకునేలా.

రాత్రికి ఆగే ఊళ్ళకు మాస్టారు పటం మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టారు. వేసవిలో పెట్టిన చుక్కలు దూరదూరంగా ఉండేవి. వానాకాలం సగంలో వాటిని చెరిపి కాస్త దగ్గరగా పెట్టారు. వినాయకచవితి అయ్యాక మళ్ళీ చెరిపి, ఇంకా దగ్గరగా పెట్టారు. ప్రయాణం మూడు రోజుల నుంచి అయిదు రోజులైంది.

"తొందరేమున్నది? మంచిగ సూసుకుంట పోదం," అన్నారు.

నేను సరేనన్నాను.

సెలవులు మొదలయ్యే ముందు మా అమ్మను చూడ్డానికి ఊరు వెళ్ళాను. వారం తర్వాత బస్సు దిగి, గోపన్‌పల్లికి నడిచి వచ్చాను. ఊరి మొదట్లో బీడీలు, బెల్లం అమ్మే ముసలమ్మ నన్ను చూసి లేచి నిలబడింది.

"సారు పోయిండు బిడ్డా," అంది.

మా వైపు మనిషి ఎక్కడికైనా వెళితే 'వెళ్ళాడు' అంటారు. 'పోయాడు' అంటే చనిపోయాడనే. ఇక్కడ పోవడమంటే వెళ్ళడం కూడా. నేను వచ్చిన కొత్తలో మా ఇంటి యజమానురాలు "మా పెద్దోడు పోయిండు" అంటే, ఏం చెప్పి ఓదార్చాలో తెలియక చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడిపోయాను. అతను బర్రెను కొనడానికి పటాన్‌చెరు వెళ్ళాడు. చాలా రోజులు ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ మాస్టారు నవ్వారు. అప్పటి నుంచి ఆ మాట ఎవరి నోట విన్నా 'వెళ్ళాడు' అని మార్చుకోవడం నేర్చుకున్నాను. అప్పుడూ అలాగే మార్చుకున్నాను.

"ఎప్పుడు?" అన్నాను.

"నిన్న పొద్దుగాల."

"ఒక్కరేనా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఒక్కడే గాకపోతె, ఎంట ఎవలన్న వోతరా బిడ్డా?"

నాకు కోపం వచ్చింది. వారం ఆగలేకపోయారా అనుకున్నాను. కిక్కు తానే కొట్టి ఉంటారు, భార్య ఏడుస్తున్నా వినకుండా వెళ్ళి ఉంటారు అనుకున్నాను. తిరిగి వచ్చాక ఏమేం అనాలో మనసులో కూర్చుకుంటూ వేగంగా నడిచాను. వాళ్ళ ఇల్లు కనిపించే మలుపు తిరిగాను. బండి కొట్టం కింద, ఎప్పుడూ ఉండే చోటే, గోనెపట్టా కప్పి ఉంది. అరుగు మీద మగవాళ్ళు మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. అప్పుడు ఆ మాట నాకు మా ఊరి అర్థంలో వినిపించింది.

స్నానానికి లేచి, గడప దాటుతూ పడిపోయారట. దవాఖానకు తీసుకుపోవడానికి ఎడ్లబండి కట్టేలోపలే అయిపోయిందట. నేను వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది.

కార్తీకం వెళ్ళాక ఒక సాయంత్రం ఆమె నన్ను పిలిపించింది. అరుగు మీద కూర్చోబెట్టి, తాను గడప లోపల కూర్చుంది.

"అన్నా, ఏ బాటన పోదామనుకున్నరో జర జెప్పు. మీరు మాట్లాడుకుంటుంటె నేను కోపానికి ఇనలే," అంది.

చెప్పాను. శనివారం అనంతగిరి. ఆదివారం కొండ దిగి గండిపేట చెరువు ఒడ్డు. సోమవారం పట్నం దాటి, నది పక్క ఊళ్ళ మీదుగా. మంగళవారం వలిగొండ. బుధవారం వాడపల్లి. ఆమె మధ్యలో ఆపి అడిగేది. అక్కడ ఎవరింట్లో పడుకుంటారు, ఆ పూట ఏం తింటారు, అక్కడ చలి ఉంటుందా అని. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది ఊహించి చెప్పాను. నీళ్ళు కలిసే చోటికి వచ్చేసరికి నేను ఆగిపోయాను.

"మళ్ళ ఇంటికెప్పుడొస్తుంటిరి?" అంది.

తిరిగి రావడం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఏడాది పాటు అన్ని బాటలూ అడిగి తెలుసుకున్నాం గాని, ఆ ఒక్కదాన్ని ఎవర్నీ అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"తారు రోడ్డు మీద ఒక్క రోజులో వచ్చేసేవాళ్ళం చెల్లెమ్మా," అన్నాను.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"అంటె బేస్తారం మాపటికల్ల ఇంటికాడ ఉంటుండె," అంది.

ఉండేవారన్నాను.