మల్లి కంట్లో చుక్క

నా చిన్నప్పుడు బచేలిలో ఎర్రగా లేని వస్తువు కనిపిస్తే అది నిన్నో మొన్నో వచ్చిందని అర్థం. కొండ మీద ఇనుపరాయి తవ్విన దుమ్ము క్వార్టర్ల మీద, ఆరేసిన బట్టల మీద, మూత మరిచిపోతే పెరుగు మీద కూడా వాలేది. పక్కింటి అక్క పెంచిన కుక్క పేరు మల్లి. పుట్టినప్పుడు మల్లెపువ్వులా ఉండేదట. పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి నమ్మేవాళ్లం. రోజూ సాయంత్రం అది గేటు దగ్గర తల పక్కకి వాల్చి కూర్చునేది. అక్క బస్సు దిగి రాగానే ముందు దాని ముక్కు మీది దుమ్ము కొంగుతో తుడిచేది.

అక్కకి పెళ్లయింది. అత్తవారింట్లో కుక్కకి చోటు లేదన్నారు. ఒక్క ఫొటో అయినా తీసివ్వమని మా బాబాయిని అడిగింది. బాబాయికి గనిలో ఉద్యోగం, కెమెరా మీద పిచ్చి. మా స్నానాలగదే ఆయన డార్క్‌రూమ్. ఆయన లోపల ఎర్ర బల్బు వేశాడంటే మేమందరం భుజాన తువ్వాళ్లతో బయట నిలబడాల్సిందే.

మొదటి ప్రింటు చూసి తాతయ్య, "నా లుంగీ బాగా పడిందిరా. కుక్క ఏదీ?" అన్నాడు. బాబాయి అట్టముక్కలు అడ్డుపెట్టి తాతయ్యనీ, ఆయన లుంగీనీ తప్పించి, మల్లి మొహం ఒక్కటే పెద్దది చేశాడు. దాంతోపాటు ఫిల్ము మీది దుమ్మూ పెద్దదై, మొహం నిండా తెల్లచుక్కలు తేలాయి. అమ్మవారు పోసినట్టుందని నానమ్మ దిగులుపడింది. బాబాయి సన్న కుంచెతో, నల్లసిరాతో ఒక్క చుక్క కూడా మిగలకుండా కప్పేశాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం.

అక్క చాలాసేపు చూసింది. వాళ్లది భద్రాచలం వైపు. "మంచిగుంది అన్నా," అంది. "మా మల్లే. గానీ ఏందో, నాకోసం చూస్తలేదు," అంది.

బాబాయి నన్నూ ఫొటోనీ గేటు దగ్గరికి తీసుకెళ్లి, మల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "దుమ్మేదో, కుక్కేదో నువ్వు చెప్పవే," అన్నాడు నాతో. మల్లి కంట్లో ఇంత చిన్న వెలుగు ఉంది. ఫొటోలో దాన్నీ దుమ్మే అనుకుని కప్పేశాం. చుక్క కనిపిస్తే తుడిచెయ్యడం మా ఊరివాళ్లకి ఊపిరి తీసుకున్నంత అలవాటు.

ప్రింటు వేసే కాగితం ఇక ఒక్కటే మిగిలింది. మళ్లీ కావాలంటే జగదల్‌పూర్ వెళ్లాలి, అక్క రైలేమో మర్నాడు పొద్దున్నే. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరికీ స్నానం లేదు. ఈసారి బాబాయి కుంచె పెట్టే ముందు ప్రతిసారీ మల్లి వైపు చూశాడు. కళ్ల జోలికి వెళ్లలేదు. ముక్కు మీది చుక్క కూడా వదిలేశాడు. ఇదేంటని అడిగితే, "అదీ లేకపోతే బచేలి కుక్కంటే ఎవరు నమ్ముతారే?" అన్నాడు.

అక్క ఫొటో అందుకుని, కొంగుతో దాని ముక్కు తుడిచింది. తుడిచాక గుర్తొచ్చి నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది.

ఇప్పుడు నా మనవరాలు పిల్లి ఫొటో తీసి, ఫోనులో వేలితో మచ్చలన్నీ చెరిపేసి, బాగుందా అమ్మమ్మా అని అడుగుతుంది. ముందు పిల్లిని చూద్దాం పద అంటాను. ఆ పిల్లికి మా మీద అంత గౌరవం లేదు, లేచి వెళ్లిపోతుంది. అయినా ఇద్దరం దాని వెనకే వెళ్లి, ఎదురుగా నేల మీద కూర్చుంటాం.