గడప బయటి గురువారం

భాగమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని తాండూరు బండల గనుల్లో అందరికీ తెలుసు. ఉండదా మరి! పొద్దంతా నెత్తి మీద బండ ముక్కలు మోసి, ఇంటికొచ్చి తాగుబోతు మొగుడి వాంతులు ఎత్తిపోసే మనిషికి కోపం రాక భక్తి పుడుతుందా? మొగుడు బీరయ్య బండలు చీల్చడంలో మొనగాడే. కానీ సుత్తె కింద పెట్టగానే కాళ్లు సారా దుకాణం వైపే నడిచేవి. నిజాం రాజ్యం పోయిన ఎనిమిదో ఏడు అతని కళ్లు పచ్చబడ్డాయి. ఇంకొక్క ఏడాది ఇట్లాగే తాగితే పాడె కట్టుకోవడమేనని హకీం మొహం మీదే చెప్పాడు.

అప్పుడు పట్టుకుంది భాగమ్మ, అనంతయ్య గురువుగారి గడప. ఊరి చివర, వికారాబాదు దారిలో ఆయన ఇల్లు. ప్రతి గురువారం సాయంత్రం తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడికి చేరేవారు. ఆయన వాళ్లకు నేలవేము కషాయం తాగించి, పాండురంగడి భజన చేయించి, వాళ్ల మెడలో తాను వేసిన తులసి మాల పట్టించి మళ్లీ గురువారం దాకా చుక్క ముట్టనని ఒట్టు వేయించి ఇళ్లకు పంపేవాడు. వారమంతా పనికి పోవాలి, గురువారం రావాలి, అదే వైద్యం. మాల ఏడాదికొక్కసారి, తొలి ఏకాదశి నాడే వేస్తాడు. ఒట్టు తప్పినవాడి మాల తీసేస్తాడు. బీరయ్య ఏడు నెలలు ఒక్క వారం తప్పలేదు. అన్నం తిని బుద్ధిగా నిద్రపోయే మొగుణ్ని చూసి భాగమ్మ తిట్టడమే మరిచిపోయింది.

గనిలో కొత్త పొర తెరిచే రోజు మైసమ్మకు కోడిని కోసి, కల్లును సాకగా నేల మీద ధార పోయడం ఆనవాయితీ. మిగిలిన కల్లును ఆకు దొప్పల్లో అందరికీ తీర్థమని ఇస్తారు. వద్దంటే అమ్మ అలిగి బండను జార్చి మనిషిని మింగుతుందని భయం. అట్లాంటి రోజునే మేస్త్రి మొగులప్ప బీరయ్యకు దొప్ప చాచాడు. బీరయ్య మెడలోని మాల చూపించాడు.

"గిది కల్లు గాదు, అమ్మ తీర్థం. నువ్వు ముట్టకుంటే రేపు బండ ఎవని మీద పడ్డా ఆ పాపం నీదే" అన్నాడు మొగులప్ప.

నలభై మంది చూస్తున్నారు. బీరయ్య కళ్లు మూసుకొని మింగాడు. ఒక్క దొప్పే. దేవతది కదా, ఒట్టు తప్పినట్టు కాదనుకున్నాడు వెర్రిబాగులవాడు! గురువారం పోయి ఆ మాట తనంతట తానే గురువుగారికి చెప్పాడు కూడా. అనంతయ్య మాల తీసుకొని, మళ్లీ తొలి ఏకాదశికి రమ్మని పంపేశాడు. దానికి ఇంకా ఐదు నెలలుంది.

బోసి మెడతో వచ్చిన మొగుణ్ని చూడగానే భాగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని చెయ్యి పట్టుకొని బయల్దేరి, దారిలో మొగులప్ప ఇంటి ముందు ఆగి వాడి ఏడు తరాలనూ కడిగేసింది. ఆ ఊపులోనే పోయి గురువుగారి గడప ముందు నిలబడింది.

"అయ్యా, తాగి దాసిపెట్టినోళ్ల మెడల మాలలున్నయి. నిజం చెప్పినోని మెడ బోసిగున్నది. గిదేం వైద్యం?"

"నియమం నేను పెట్టింది గాదు భాగమ్మా, దేవునిది" అన్నాడు అనంతయ్య.

"మైసమ్మ పేరు జెప్పి మేస్త్రి పోసిండు. పాండురంగని పేరు జెప్పి నువ్వు ఎల్లగొడుతున్నవు. నడుమ సచ్చేది నా మొగడు. గీ ఐదు నెలలు గీయన ఏడికి పోవాలె, దుకాణానికా?"

అనంతయ్య మొహం ఎర్రబడింది. మాల లేనివాళ్లు లోపలికి రాకూడదని చెప్పి వెనక్కి తిరిగాడు.

"లోపలికి ఎవరొస్తున్నరు?" అంది భాగమ్మ. మొగుడి భుజం నొక్కి మెట్టు మీద కూచోబెట్టి, పక్కనే తానూ చతికిలబడింది. వచ్చే గురువారమూ ఇక్కడే, ఆ పై గురువారమూ ఇక్కడేనని ఆయన వీపుకు వినపడేలా చెప్పింది. లోపల భజన తాళాలు మోగాయి. బీరయ్య సిగ్గుతో తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. తలెత్తకుండానే, లోపలి భజనతో పాటు "విఠలా" అని గొణిగాడు.

భాగమ్మ కోపం పిసరంతైనా తగ్గలేదు.

"గట్టిగ అను" అంది. "లోపలికి ఇనపడాలె."