హార్ట్‌విగ్ బూట్ల బురద

జర్మనీలోని ఒరానియన్‌బుర్గ్‌లో హార్ట్‌విగ్ ముసలాయన సాయంకాలాలకు బంగాళాదుంపల మట్టివాసన ఉండేది. తోటపని ముగించగానే, పాదుల మధ్య తలెత్తిన తుప్పు ఇనుపమొద్దుకేసి బూట్లు టపటపా కొట్టి బురద రాల్చుకునేవాడు. మొద్దు లోపలెవరో నిద్రలో మూలిగినట్టు పలికేది. "దాన్ని తన్నకపోతే నీకు రొట్టె అరగదు కదా, ముసలోడా!" అని నవ్వేది భార్య ఇర్మా. నిన్న నీటిగొట్టం కోసం నేల పరీక్షించడానికి వచ్చినతను ఆ మొద్దు పక్కన మోకరిల్లాడు. ముఖం పాలిపోయింది. "పెద్దాయనా, మెల్లగా వెనక్కి రండి. యుద్ధంనాటి బాంబు. ఇంకా పేలలేదు," అన్నాడు గుసగుసగా. వీధివీధంతా బడి హాలుకి తరలింది. హాలు గుమ్మంలో, అలవాటుగా మెట్టుకేసి కొట్టబోయిన హార్ట్‌విగ్ కాలు గాలిలోనే ఆగిపోయింది. దించలేకపోయాడు. "ఇన్నేళ్లూ, ఇర్మా... రోజూ..." ఆమె ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "కొట్టకు. బురదతోనే రా."